పాత లాటిన్ చరిత్ర గ్రంథం తెరిచినప్పుడు: వ్యాఖ్య చదివే తీరు, పుస్తకం ఎవరిదో తేల్చే తీరు

లివీ, టాసిటస్, సూటోనియస్ లాంటి రోమన్ చరిత్రకారుల గ్రంథాలు 16, 17వ శతాబ్దాల్లో యూరప్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాల స్కాన్లు ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని చూడొచ్చు. చూడడం మొదలుపెట్టాక చాలామంది రెండు చోట్ల ఆగిపోతున్నారు. మూలం చుట్టూ, వెనకా ఉన్న వ్యాఖ్యను ఎలా చదవాలి? ముఖపత్రం (టైటిల్ పేజీ) మీదా అంచుల్లోనూ సిరాతో ఉన్న రాతలు ఎవరివి, పుస్తకం ఎవరెవరి చేతులు మారింది? ఈ రెండూ పదేపదే అడుగుతున్నారు కాబట్టి మొత్తం పనిని వరుసలో పెట్టి రాస్తున్నాను.

ఈ రెండు ప్రశ్నలనూ కలిపే చూడాలి. అచ్చు వ్యాఖ్యలో ఏముందో తెలియకపోతే అంచులో రాసిన మాట ఎవరి ఆలోచనో చెప్పలేం. అందుకే వరుస మార్చకండి. ముందు ఎడిషన్, తర్వాత అచ్చు వ్యాఖ్య, ఆ తర్వాత చేతిరాత, చివరికి యజమాని పేరు.

## 1. మొదలుపెట్టే ముందు

లాటిన్ బాగా రావాలేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. వ్యాకరణం ప్రాథమికంగా తెలిసి, నిఘంటువు చూసే ఓపిక ఉంటే చాలు. ఎక్కువ ఇబ్బంది పెట్టేవి సంక్షిప్త రూపాలు, చేతిరాతలే.

దగ్గర ఉంచుకోవలసినవి:

- అదే గ్రంథం ఆధునిక లాటిన్ పాఠం, వెతకడానికి వీలున్న డిజిటల్ రూపంలో. పర్సియస్, పీహెచ్ఐ లాటిన్ టెక్స్ట్స్ వెబ్‌సైట్లు ఉచితం.
- సంక్షిప్త రూపాల నిఘంటువు. అడ్రియానో కప్పెల్లి కూర్చినది అందరూ వాడతారు.
- అదే ఎడిషన్‌కు ఇంకో ప్రతి స్కాన్. దీని అవసరం 4వ మెట్టులో తెలుస్తుంది.
- మూడు కాలమ్‌ల పట్టిక: పుట, కనిపించింది, నా అనుమానం.

చివరి రెండు కాలమ్‌లు ఎప్పుడూ కలవకూడదు. ‘ముఖపత్రం పైన ఆరు అక్షరాల పేరు, రెండోది చెరిగింది’ అన్నది కనిపించింది. ‘ఫలానా పండితుడి సంతకం’ అన్నది అనుమానం.

లైబ్రరీలో అసలు పుస్తకమే చూడబోతుంటే చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. పెన్ను వద్దు, పెన్సిలే వాడాలి. కాగితం పుస్తకాలకు చాలా లైబ్రరీలు గ్లవ్స్ వద్దనే చెబుతాయి, ఎందుకంటే వేళ్లకు స్పర్శ తెలియక ఆకు చిరుగుతుంది. పుస్తకాన్ని ఫోమ్ దిండ్ల మీద ఉంచి, అట్ట ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకే తెరవండి.

## 2. ఏ ఎడిషనో తేల్చండి

ముఖపత్రంతో పాటు పుస్తకం చివరి ఆకు కూడా చూడండి. ఊరు, ముద్రాపకుడు, సంవత్సరం కొన్నిసార్లు అక్కడే ఉంటాయి. రెండు చోట్లా వేర్వేరు సంవత్సరాలుంటే రెండూ రాసుకోండి.

తర్వాత పాత ముద్రణల ఆన్‌లైన్ కేటలాగ్‌లలో సరిచూసుకోండి. 1500 వరకు అచ్చయినవి ఐఎస్‌టీసీలో ఉంటాయి. ఆ తర్వాతి వాటికి యూఎస్‌టీసీ, జర్మన్ భాషా ప్రాంతపు 16వ శతాబ్ది ముద్రణలకు వీడీ 16, ఇటలీవైతే ఎడిట్ 16.

ఆ తర్వాత ఆకులు లెక్కపెట్టండి. పుటల అంకెల్ని నమ్మవద్దు, ఆ కాలంలో అవి తరచూ తప్పుగా పడేవి. పుట అడుగున ఉండే అక్షరాల గుర్తులు చూడండి. ఇవి బైండర్ కోసం వేసినవి. లాటిన్ వర్ణమాలలోని 23 అక్షరాలతోనే నడుస్తాయి. జె, యు, డబ్ల్యు ఉండవు కాబట్టి ఐ తర్వాత కె వస్తే ఆకులు పోయాయని కంగారు పడకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వ్యాఖ్య చాలాసార్లు తన సొంత ముఖపత్రంతో, కొత్త అక్షర వరుసతో విడి భాగంగా అచ్చయ్యేది. 16వ శతాబ్దపు పండితుడు జస్టస్ లిప్సియస్ పరిష్కరించిన టాసిటస్ 1574లో ఆంట్వెర్ప్‌లో ప్లాంటిన్ ముద్రణాలయం నుంచి వచ్చింది. టాసిటస్ గ్రంథాల్లో ఒకటైన యానల్స్ మీద లిప్సియస్ వ్యాఖ్య 1581లో వచ్చింది. కొన్నవాడు ఇలాంటి వాటిని తనకు నచ్చినట్టు కలిపి ఒకే అట్ట వేయించుకునేవాడు. అందుకే ఒకే అట్ట మధ్య ఉన్నా ప్రతి భాగానికీ సంవత్సరం విడిగా రాసుకోండి.

## 3. అచ్చు వ్యాఖ్యను విప్పి చదవండి

మనకు టీక, తాత్పర్యం, పాఠాంతరం కొత్త మాటలు కావు. కానీ 16వ శతాబ్దంలో లాటిన్ చరిత్రకారుల మీద వచ్చిన వ్యాఖ్యల్లో అర్థం చెప్పడం కన్నా పాఠం సరిదిద్దడానికే ఎక్కువ చోటు పోతుంది. ఇది తెలియకపోతే వ్యాఖ్య అంతా చిల్లర గొడవలా కనిపిస్తుంది.

ముందు పుట అమరిక చూడండి. మూలం మధ్యలో, వ్యాఖ్య చుట్టూ గోడలా ఉండడం ఒక పద్ధతి. వ్యాఖ్య మొత్తం చివర ఉండడం ఇంకో పద్ధతి. పలువురు పండితుల టిప్పణులు మూలం కిందే, ఒక్కో టిప్పణికి ఒక్కో పేరుతో ఉండడం మూడోది. ఇది 17వ శతాబ్దపు డచ్ ఎడిషన్లలో ఎక్కువ.

వ్యాఖ్య చివర ఉంటే, ప్రతి టిప్పణీ మూలంలోని రెండు మూడు మాటలతో మొదలవుతుంది. అవి ఏ వాక్యంలోవో పట్టుకోవాలి. నేడు మనం వాడే అధ్యాయ సంఖ్యలు ఆ కాలపు పుస్తకాల్లో చాలావాటిలో ఉండవు. లివీకి అధ్యాయాల విభజన 17వ శతాబ్దం మొదట్లో యాన్ గ్రూటర్ ఎడిషన్ల నుంచి వచ్చింది. కాబట్టి ఆ రెండు మూడు మాటలనే డిజిటల్ పాఠంలో వెతకండి. దొరక్కపోతే అక్కడ ఆధునిక పాఠం మారిందని అర్థం. అలాంటి చోట్ల ఆగి, ఏ మాట మారిందో చూసి ముందుకు వెళ్లండి.

తర్వాత ప్రతి టిప్పణికీ ఒకటే ప్రశ్న వేయండి: ఈ సవరణకు ఆధారం ఏమిటి? ఆ పండితులు రెండు దారులు చెప్పేవారు. ఒకటి ‘ఓపె కోడికుమ్’, అంటే చేతిరాత ప్రతుల సాయంతో. రెండోది ‘ఓపె ఇంజెనీ’, అంటే సొంత బుద్ధితో చేసిన ఊహ. ఏ దారో పోల్చుకోవడానికి కొన్ని మాటలు గుర్తుంచుకోండి:

- వెటుస్ కోడెక్స్: పాత చేతిరాత ప్రతి. ఏ ప్రతో, ఎక్కడిదో చెప్పకపోతే ఆ మాటకు బరువు తక్కువ.
- లెగెండుమ్: ఇలా చదవాలి.
- మాలిమ్: నాకైతే ఇదే నచ్చింది. ఇది ఊహే.
- ఫోర్టాస్సె: బహుశా.
- వుల్గో: మామూలుగా అచ్చయ్యే పాఠం. వల్గేట్ అనే లాటిన్ బైబిల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది చాలామంది పొరబడే మాట.

ఆధారం ఎంత గట్టిదో చూడడానికి టాసిటస్‌నే తీసుకోండి. యానల్స్ మొదటి ఆరు భాగాలకు ఆధారం జర్మనీలోని కోర్వే మఠం నుంచి రోమ్ చేరిన ఒకే ఒక చేతిరాత ప్రతి. దాన్ని 1515లో ఇటలీ పండితుడు ఫిలిప్పో బెరోఆల్డో (అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడు) అచ్చుకు తెచ్చాడు. ఇప్పుడది ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ లైబ్రరీలో ఉంది. లిప్సియస్ ఆ ప్రతిని స్వయంగా చూడకుండానే గొప్ప సవరణలు చేశాడు. తర్వాత కుర్జియో పికేనా ఫ్లోరెన్స్ ప్రతులతో పాఠాన్ని పోల్చి, 1607లో తన ఎడిషన్ తెచ్చాడు. కాబట్టి లిప్సియస్ ‘ఇలా చదవాలి’ అంటే అది ఊహ అయ్యే అవకాశం ఎక్కువ. అదే చోట పికేనా ‘ఫ్లోరెన్స్ ప్రతిలో ఇలా ఉంది’ అంటే అది సాక్ష్యం. ఊహ తక్కువదని కాదు. లిప్సియస్ ఊహలు ఎన్నో నేటి పాఠంలో నిలిచాయి. కాకపోతే పట్టికలో రెంటినీ ఒకే గదిలో వేయకూడదు.

ఈ మెట్టులో ఓపిక పట్టండి. పుస్తకమంతా అక్కర్లేదు. చేతిరాతలు దట్టంగా ఉన్న పది పుటలకు సంబంధించిన అచ్చు టిప్పణులు పూర్తిగా చదివితే చాలు.

## 4. యజమాని ఆనవాళ్లు వెతికే వరుస

బయటి నుంచి లోపలికి రండి.

- వీపు, అట్టలు: బంగారు ముద్రలు, వంశ చిహ్నాలు, అక్షరాల ముడులు (పేరు మొదటి అక్షరాలు కలిపి అల్లినవి).
- అట్ట లోపలి వైపు: బుక్‌ప్లేట్, అల్మరా నంబరు, వేలం చీటీ.
- ఖాళీ ఆకులు: కొన్న ధర, ఇచ్చినవారి పేరు.
- ముఖపత్రం: సంతకం, సూక్తి, లైబ్రరీ ముద్ర, కొట్టేసిన పేర్లు.
- చివరి ఆకు: చదవడం ముగించిన తేదీ.
- పుస్తకాన్ని మూసి పక్క అంచులు: కొన్ని మఠాలు అక్కడ గుర్తులు కాల్చి వేసేవి.

లాటిన్ సూత్రాలు కొన్నే ఉంటాయి. ‘ఎక్స్ లిబ్రిస్’ అంటే ఫలానావారి పుస్తకాల్లోది. ‘సుమ్’ అంటే పుస్తకమే మాట్లాడుతున్నట్టు, నేను ఫలానావారిని. ‘డోనో డెడిట్’ అంటే కానుకగా ఇచ్చారు. ‘ఎమ్ప్టుస్’ అంటే కొన్నది. పండితుడు బీటస్ రెనానస్ తన పుస్తకాల్లో ‘నేను బీటస్ రెనానస్ పుస్తకాన్ని, యజమానిని మార్చను’ అనే అర్థం వచ్చేలా రాసుకునేవాడు. 1533లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో టాసిటస్ పరిష్కరించినవాడు ఈయనే. 1547లో చనిపోతూ తన లైబ్రరీని సొంతూరు సెలెస్టాకు ఇచ్చాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. మన తాళపత్రాల చివర లేఖకులు రాసుకున్న శ్లోకాలు చూసినప్పుడు కలిగే ఆత్మీయతే నాకు ఈ వాక్యం దగ్గరా కలుగుతుంది.

‘ఎట్ అమికోరుమ్’ కనిపిస్తే ఇద్దరు యజమానులని రాయకండి. ‘మరియు స్నేహితులది’ అని అర్థం. ఫ్రెంచి సేకర్త జాన్ గ్రోలియే తన అట్టల మీద ఇలాగే వేయించుకున్నాడు.

అనుమానం వచ్చిన ప్రతి గుర్తునూ అదే ఎడిషన్ రెండో ప్రతితో పోల్చండి. రెండింట్లోనూ ఒకేచోట ఉంటే అది అచ్చులో భాగమే. ‘లబోరె ఎట్ కాన్స్టాన్షియా’ అన్న సూక్తి, కంపాస్ బొమ్మ చూసి యజమాని చిహ్నం అనుకుంటారు. అది ప్లాంటిన్ ముద్రణాలయపు గుర్తు. లంగరు, డాల్ఫిన్ ఉంటే వెనీస్‌లోని ఆల్డస్ కుటుంబానిది, ఆ గుర్తును కాపీ కొట్టినవాళ్లూ ఉన్నారు.

## 5. చేతిరాతలను విడదీయండి

అంచుల్లో రాతలన్నీ ఒకరివే అనుకోవడం మొదటి తొందరపాటు. ముందు సిరా రంగు, కలం మందం, అక్షరం వాలు చూసి దస్తూరీలకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టండి. మనుషుల పేర్లు ఇప్పుడే వద్దు.

ఒక్కో దస్తూరీకి నాలుగైదు అక్షరాల నమూనాలు కత్తిరించి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. డి, జి, హెచ్, పొడుగు ఎస్, ‘ఎట్’ (మరియు) గుర్తు బాగా పనికొస్తాయి. కిందగీతలు, చూపుడువేలి బొమ్మలు ఎవరివో తేలవు. వాటిని ఎవరికీ కట్టబెట్టకండి.

ఒకే దస్తూరీ అయినంత మాత్రాన ఒకే కాలం కాదు. దీనికి గాబ్రియెల్ హార్వీ దగ్గరున్న లివీ ప్రతిని మించిన ఉదాహరణ లేదు. 1555లో బాసెల్‌లో అచ్చయిన ఆ ప్రతి ఇప్పుడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో ఉంది. కేంబ్రిడ్జి పండితుడైన హార్వీ 1568 నుంచి 1590 దాకా, రెండు దశాబ్దాలకు పైగా, అందులో రాస్తూనే వచ్చాడు. ఒకచోట, ఆంగ్ల కవి ఫిలిప్ సిడ్నీ చక్రవర్తి రెండో రుడాల్ఫ్ దగ్గరికి రాయబారిగా వెళ్లే ముందు తామిద్దరూ లివీ మొదటి మూడు భాగాలు కలిసి చదివామని రాసుకున్నాడు. ఆ రాయబారం 1577లో జరిగింది. ఇంకోచోట ఇంగ్లండ్ రాజనీతిజ్ఞుడు సర్ థామస్ స్మిత్ ఇంట్లో, రోమన్ సేనానుల్లో మార్సెలస్ మేలా, ఫేబియస్ మాక్సిమస్ మేలా అని జరిగిన వాదన ఉంది. చెయ్యి ఒకటే అయినా సందర్భాలు వేరు, పక్కన కూర్చున్న మనుషులు వేరు. యుద్ధ విషయాల పక్కన అంగారక గ్రహం గుర్తు వేసే అలవాటూ ఆయనకుంది. ఆర్కియాలజీ ఆఫ్ రీడింగ్ ప్రాజెక్టు ఈ పుటల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. మీ పుస్తకం మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం ఆ పుటల మీద గడపండి, కన్ను కుదురుతుంది.

ఇప్పుడు 3వ మెట్టు పని అక్కరకొస్తుంది. ప్రతి అంచు రాతనూ అచ్చు వ్యాఖ్యలతో పోల్చండి. ఒకసారి నేను ఒక స్కాన్‌లో అంచున చక్కని సవరణ చూసి, ఆ పేరులేని పాఠకుడు ఎంత తెలివైనవాడో అని మూడు రోజులు దాని చుట్టూనే తిరిగాను. నాలుగో రోజు అదే మాట లిప్సియస్ టిప్పణుల్లో అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. అతను చేసింది ఎత్తిరాసుకోవడం. అప్పటి నుంచి రాతల్ని మూడు రకాలుగా వేరుచేస్తున్నాను:

- ఎత్తిరాత: వేరే పుస్తకంలోది, మాటలు అవే.
- సూచిక: పక్క మూలంలోని పేరో విషయమో అంచున మళ్లీ రాయడం.
- సొంత మాట: ఎక్కడా దొరకనిది. వెతికిన పుస్తకాల జాబితా పక్కన ఉంటేనే ఈ పేరు పెట్టండి.

మీరు చూసే ప్రతిలో ఎక్కువ రాతలు మొదటి రెండు రకాలే అయితే నిరాశపడకండి. కాలం తేల్చడానికి ఎత్తిరాతలే ఎక్కువ ఉపయోగం.

## 6. రాత కాలాన్ని తేల్చే పట్లు

అంచు రాత ఏ పుస్తకాన్ని ఎత్తిరాసిందో దొరికితే, ఆ రాత ఆ పుస్తకం తర్వాతిది. 1533 నాటి టాసిటస్ అంచున 1581 వ్యాఖ్య మాటలుంటే, రాసినవాడు అచ్చయిన కాలపు మొదటి యజమాని కాకపోవచ్చు. కనీసం ఆ రాత 48 ఏళ్ల తర్వాతిది.

టాసిటస్‌కు ఒక ప్రత్యేకమైన పట్టు ఉంది. నేడు యానల్స్, హిస్టరీస్ రెండు గ్రంథాలుగా చదువుతాం. పాత ముద్రణల్లో రెండింటికీ కలిపి ఒకే వరుస సంఖ్య నడిచేది, హిస్టరీస్ మొదటి భాగం 17వది. విడదీసి పేర్లు స్థిరపరిచింది లిప్సియస్ 1574 ఎడిషన్. కాబట్టి అంచున ‘టాసిటస్, 17వ భాగం’ అని ఉంటే, రాసినవాడి చేతిలో పాత వరుసలోని పుస్తకం ఉందని అర్థం. ‘హిస్టరీస్, 1వ భాగం’ అంటే కొత్త వరుస. దీన్ని తేదీగా వాడకండి, దిశగా వాడండి. పాత పుస్తకమే ఉన్నవాడు 1600లో కూడా 17 అనే రాస్తాడు.

ఇంకో రెండు:

- అంచు రాతల చివరి అక్షరాలు కోసుకుపోయి ఉంటే, ఆ రాతలు ఇప్పటి బైండింగ్ కన్నా ముందువి. కొత్త అట్ట వేసేటప్పుడు బైండర్ అంచులు కోశాడు.
- క్యాథలిక్ చర్చి నిషేధించిన ఎరాస్మస్ లాంటి రచయితల పేర్లు సిరాతో కొట్టేసి ఉంటే, పుస్తకం నిషేధాల జాబితాలు అమలైన క్యాథలిక్ ప్రాంతాల్లో తిరిగి ఉంటుంది. బాసెల్ ముద్రణల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

## 7. చేతులు మారిన వరుస కట్టండి

ఇప్పుడు పేర్లు. ప్రతి ఆనవాలుకూ ‘ఇంతకు ముందు కాదు, ఇంతకు తర్వాత కాదు’ అని రెండు హద్దులు రాయండి.

వంశ చిహ్నాలు ఎంత కచ్చితమైన హద్దులు ఇస్తాయో ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ ఒగుస్త్ ద తూ (1553–1617) అట్టలు చూపిస్తాయి. ఆయన చిహ్నంలో మూడు జోరీగలుంటాయి. జోరీగల చిహ్నం ఒంటరిగా ఉంటే అట్ట పెళ్లికి ముందుది. 1587లో పెళ్లయ్యాక భార్య మారీ వంశ చిహ్నం పక్కన చేరింది, అక్షరాల ముడిలో ఎమ్ కలిసింది. ఆమె 1601లో చనిపోయింది. తర్వాత పెళ్లి చేసుకున్న గాస్పార్డ్ పేరుతో ఎమ్ స్థానంలో జి వచ్చింది. అట్ట మీద ఒక్క అక్షరం చూసి, ఆ బైండింగ్ ఆయన జీవితంలో ఏ భాగానిదో చెప్పొచ్చు. కానీ అది అట్ట తేదీ మాత్రమే. లోపలి పుస్తకం ఇంకా పాతది కావచ్చు.

సంస్థల విషయంలో చరిత్రలోని పెద్ద కుదుపులు గుర్తుపెట్టుకోండి. 1773లో పోప్ జెసూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘాన్ని రద్దు చేశాక వాళ్ల కళాశాలల పుస్తకాలు చెదిరిపోయాయి. 1803లో బవేరియా మఠాలు మూతపడ్డాక వాటి పుస్తకాలు పెద్ద ఎత్తున మ్యూనిక్ చేరాయి. సూటోనియస్ వ్యాఖ్యాత ఐజాక్ కసాబాన్ 1614లో లండన్‌లో చనిపోయాక ఆయన పుస్తకాల్లో కొన్ని రాజు లైబ్రరీకి వెళ్లాయి. ఆ లైబ్రరీని 1757లో బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చారు.

రెండు ఆనవాళ్ల మధ్య వందేళ్ల ఖాళీ ఉంటే ఖాళీగానే వదలండి. ‘తెలియదు, 1617–1740’ అని రాసిన వరుసను రేపు ఇంకొకరు నింపగలరు. ఊహతో నింపితే ఆ దారి మూసుకుపోతుంది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

అంకితం పొందినవాణ్ని యజమాని అనుకోవడం. 1531 బాసెల్ లివీకి ఎరాస్మస్ ముందుమాట చార్లెస్ బ్లౌంట్‌ను ఉద్దేశించింది. ఆ పేరు ప్రతి ప్రతిలోనూ అచ్చయి ఉంటుంది. రెండో స్కాన్ చూస్తే తేలిపోతుంది.

ప్రసిద్ధుడి పేరు కనబడగానే నమ్మడం. పేరు ఒక్కటే చాలదు. లైబ్రరీలు ప్రచురించిన ఖాయమైన దస్తూరీ నమూనాలతో పోల్చి, ఇంకో స్వతంత్ర ఆధారం (పాత జాబితా, అల్మరా నంబరు, అట్ట) కూడా కలిస్తేనే రాయండి.

కొట్టేసిన పేరును వదిలేయడం. తర్వాతి యజమాని కొట్టేసిన పేరే ఎక్కువసార్లు విలువైనది. స్కాన్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. లైబ్రరీలో అయితే అతినీలలోహిత దీపం వేయమని సిబ్బందిని అడగండి, సొంత దీపం తీసుకెళ్లకండి.

ఎడిషన్ గురించిన మాటను ప్రతికి అంటించడం. ‘ఈ పుస్తకంలో ఫలానా టిప్పణి ఉంది’ అన్నప్పుడు అది అచ్చుదా, సిరాదా అని ప్రతిసారీ చెప్పండి.

## 9. రికార్డు రాసే నమూనా

కింద ఉన్నది ఊహించి రాసిన నమూనా, ఏ నిజమైన ప్రతీ కాదు.

- ఎడిషన్: టాసిటస్, బాసెల్, 1533. చివరి ఆకు లేదు.
- దస్తూరీ అ: గోధుమ సిరా, 12 పుటల్లో. అన్నీ సూచికలు. అంచులు కోసుకుపోయాయి.
- దస్తూరీ ఆ: నల్ల సిరా, 5 పుటల్లో. నాలుగు ఎత్తిరాతలు లిప్సియస్ 1581 వ్యాఖ్య నుంచి. 1581 తర్వాతిది.
- ముఖపత్రం: జెసూట్ కళాశాల పేరు, ఊరు చెరిగింది. 1773కు ముందు.
- యజమాని: తెలియదు, తెలియదు, జెసూట్ కళాశాల, తెలియదు.

కొనే ఉద్దేశం ఉంటే ఇంకొక్క పని. లైబ్రరీ ముద్ర ఉండి, తొలగించినట్టు లేదా డూప్లికేట్‌గా అమ్మినట్టు గుర్తు లేకపోతే డబ్బు కట్టకండి. ముందు ఆ లైబ్రరీకి మెయిల్ చేయండి. నేపుల్స్‌లోని జిరోలమీని లైబ్రరీ నుంచి వేల పుస్తకాలు దొంగతనంగా బయటికి పోయిన సంగతి 2012లో బయటపడింది. మెయిల్‌కు ముద్ర ఫొటో, ముఖపత్రం ఫొటో, చివరి ఆకు ఫొటో జతచేయండి. అల్మరా నంబరు కనిపిస్తుంటే అదీ రాయండి. లైబ్రరీవాళ్లు తమ పాత రిజిస్టర్లలో ముందు వెతికేది ఆ నంబరునే.